జల్లెడ పట్టినవాడు

ఎంటర్ నొక్కి అతను చేతులు రెండూ ఒళ్లో పెట్టుకున్నాడు. పాత అలవాటు. లిఫ్టులో బటన్ నొక్కినవాడికి ఆ తర్వాత చేసే పనేమీ ఉండదు. అంతస్తు వచ్చేదాకా తలుపు వైపు చూస్తూ ఉండటమే. కంప్యూటరు ముందు కూడా అతను అలాగే కూర్చుంటాడు, తెర ఎటో పక్కకి తెరుచుకుంటుందన్నట్టు.

నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు గబగబా పడ్డాయి. ఆసుపత్రి వీధిలో ఒక లిఫ్టు నిన్న మధ్యాహ్నమంతా తలుపు మూసుకోనని మొరాయించింది. ఎప్పుడెప్పుడు మొరాయించిందో, ఏ అంతస్తులో మొరాయించిందో వరుసగా వచ్చేసింది. కాగితం ప్రింటు తీసి, అంచులు సమంగా సర్ది, గుమ్మం పక్కనున్న ట్రేలో పెట్టాడు. మెకానిక్కులెవరో వచ్చి తీసుకుపోతారు.

అతను పనిచేసే కంపెనీ చూసుకునే లిఫ్టులన్నీ తమ సంగతులు తామే రాసుకుంటాయి. తలుపు తెరిచాను, తలుపు మూశాను, రెండో అంతస్తులో ఆగాను, బరువెక్కువైంది. ఒక్కో సంగతి ఒక్కో లైను, ఒక్కో రోజు ఒక్కో ఫైలు. ఆ లైన్ల కుప్పలోంచి ఎవరికి కావలసినవి వాళ్లకు ఏరి ఇవ్వడం అతని ఉద్యోగం. దానికి గ్రెప్ అనే చిన్న ఆదేశం ఉంది. ఆ పేరు కొట్టి, ఏ మాట కావాలో కొట్టి, ఏ ఫైళ్లలో వెతకాలో కొడితే, ఆ మాట ఉన్న లైన్లన్నీ తెర మీదికి వస్తాయి. లేకపోతే ఏమీ రాదు. క్షమించండి అనదు, దొరకలేదు అనదు. ఇంకేమైనా ఉందా అన్నట్టు కింద ఒక చిన్న గీత మిణుకుమిణుకుమంటుంది, అంతే.

మెకానిక్కులు అతనికి జల్లెడ అని పేరు పెట్టారు. వెక్కిరింతగా మొదలైంది, పేరుగా స్థిరపడింది. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లు జల్లెడగారూ అని చాలా గౌరవంగా పిలుస్తున్నారు.

సన్నటి మనిషి. చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుంటాడు. కుడిచేతి బొటనవేలు కొస కాస్త చదునుగా ఉంటుంది. వయసులో ఉన్నన్నాళ్లూ ఒక పెద్ద భవనంలో ఎత్తుబల్ల మీద కూర్చుని, ఎక్కినవాళ్లను ఎక్కడికండీ అని అడిగి, ఆ వేలితోనే బటన్లు నొక్కాడు. తర్వాత జనం తమ బటన్లు తామే నొక్కుకోవడం మొదలుపెట్టారు. ఎత్తుబల్లను ఎవరో పట్టుకుపోయారు. అతన్ని పంపేయడానికి మనసొప్పక, కంపెనీ తన ఆఫీసులో నేలకింది గది ఒకటి ఇచ్చింది. ఆ గదికి పైన, వీధి మట్టానికి, ఒక కిటికీ ఉంది. అందులోంచి మనుషుల కాళ్లు మాత్రం కనిపిస్తాయి. పెట్టెలో బతికినవాడికి కిటికీ వచ్చింది, అదే ప్రమోషన్ అని అతను నవ్వేవాడు.

పని నేర్పింది పైఅంతస్తు ఇంజనీరమ్మ. ఒక మధ్యాహ్నం పక్కన కుర్చీ వేసుకుని అన్నీ చూపించింది. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు అని ఏదో చెప్పింది. అతను తల ఊపాడు. అర్థమైనంత అర్థమైంది, మిగతాది అలవాటైంది. అందులో బాగా నచ్చింది స్టార్ గుర్తు. నెల పేరు కొట్టి స్టార్ పెడితే ఆ నెల ఫైళ్లన్నీ వచ్చేస్తాయి. ఏదైనా సరే అని దాని అర్థమని ఆమె చెప్పింది. ఎవరు ఎక్కినా ఎక్కడికైనా తీసుకెళ్లిన మనిషికి ఆ గుర్తు చుట్టంలా అనిపించింది.

ఈవేళ ట్రేలో ఇంకో కాగితం ఉంది. దాన్ని పొద్దున్నే చూశాడు, కావాలనే అడుక్కి నెట్టాడు. ఇక పైన ఏమీ మిగల్లేదు.

కిందటి వారం ఒక అపార్ట్‌మెంటులో లిఫ్టు అంతస్తుకు సమంగా ఆగకుండా జానెడు కిందికి ఆగింది. తలుపు తెరుచుకుంది. పైనుంచి లోపలికి అడుగు వేసిన ముసలాయన ఒకడు తూలి పడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆ లిఫ్టుకు ప్రతి నెలా సర్వీసు చేసి, మట్టం సరిచూడాలి. చూడాల్సినవాడు జల్లెడకు బావమరిది.

పెళ్లికూతురితో పాటు అత్తారింటి నుంచి ఒక ట్రంకుపెట్టె, ఒక తమ్ముడు వచ్చారు. ట్రంకుపెట్టె తుప్పు పట్టింది, తమ్ముడు పెరిగాడు అని జల్లెడ చుట్టాల దగ్గర చెప్పేవాడు. వీళ్లకు పిల్లలు లేరు. తల్లిలేని ఆ పిల్లవాణ్ణే అక్క పెంచింది. బావ లిఫ్టు నడుపుతుంటే లోపల ఏముందో చూపించమని ప్రాణం తీసి, చివరికి అది చూడటమే వృత్తి చేసుకున్నాడు. ఉద్యోగానికి మాట సాయం చేసింది బావే.

మెకానిక్కు సర్వీసుకు వెళ్లినప్పుడు తన తాళంచెవిని లిఫ్టు పెట్టెలో పెట్టి తిప్పుతాడు. లిఫ్టు ఆ సంగతి, ఆ తాళంచెవి నంబరు రాసుకుంటుంది. ఇదివరకు గోడకు ఒక కార్డు వేలాడేది, సంతకం పెట్టేవాళ్లు. లిఫ్టే రాసుకుంటుంటే మనకెందుకని దాన్ని తీసేశారు. కాబట్టి బావమరిది వెళ్లాడా లేదా అన్నది ఇప్పుడు ఆ ఒక్క లైను చెప్పాలి. అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌ను అడిగితే, లిఫ్టు బాగుచేసేవాళ్లందరూ ఒకేలా ఉంటారని తేల్చేశాడు.

పొద్దున భార్య టిఫిను డబ్బా చేతికిచ్చింది గానీ తన చెయ్యి తియ్యలేదు.

"ఈవేళ తేలుస్తారటగా," అంది.

"తేలుస్తారు."

"వాడు వెళ్లుంటాడండీ. పని ఎగ్గొట్టే రకం కాదు వాడు. నిద్రలో లేపి అడిగినా తీగ రంగులు చెప్తాడు."

వెళ్లుంటే లైను ఉంటుంది, నేను తీసిస్తాను అని అతను అన్నాడు. అప్పుడు చెయ్యి తీసింది.

మేనేజరు నిన్ననే స్వయంగా కిందికి దిగి వచ్చాడు. చెడ్డమనిషి కాదు. ఆసుపత్రికి వెళ్లి ముసలాయన్ని పలకరించి వచ్చినప్పటి నుంచి అతని ముఖం బాగాలేదు. బావమరిది సంగతి కాబట్టి వేరే ఎవరికైనా ఇవ్వమని జల్లెడే బతిమాలాడు. మేనేజరు ఒప్పుకోలేదు.

"మీ బావమరిది అని నాకు తెలుసు. అందుకే మీరే చూడాలి. మీరు లేనిదాన్ని ఉందనరు, ఉన్నదాన్ని లేదనరు."

ఆ మాట జల్లెడ మెడ మీద రాత్రంతా కూర్చుంది.

ఇప్పుడు ముందుగా బావమరిది తాళంచెవి నంబరు ఒక్కటే కొట్టాడు. లైన్లు కుళాయి విప్పినట్టు కారిపోయాయి. ఊళ్లో సగం లిఫ్టులు వాడివే. తెర పట్టినంత పట్టింది, మిగతావి పైకి ఎగిరిపోయాయి. తర్వాత ఆ లిఫ్టు నంబరు ఒక్కటే కొట్టాడు. ఇంకా ఘోరం. ప్రతి తలుపు చప్పుడూ ఒక లైనే. కాసేపు వాటి మీద వేలు పెట్టి చదివాడు. కళ్ల వెంట నీళ్లు కారాయి. నెలంతా ఆ తలుపు తెరుచుకుంటూ మూసుకుంటూనే ఉంది.

రెండూ ఒకే లైనులో ఉండాలి. ముందు లిఫ్టు నంబరు, చివర తాళంచెవి నంబరు, మధ్యలో ఏదైనా సరే. ఏదైనా సరే అనుకోగానే అతనికి తన చుట్టం గుర్తొచ్చింది. లిఫ్టు నంబరు కొట్టాడు, స్టార్ పెట్టాడు, తాళంచెవి నంబరు కొట్టాడు. ఎంటర్ నొక్కి చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

ఏమీ రాలేదు.

చిన్న గీత మిణుకుమంటోంది. నంబర్లు తప్పు కొట్టానేమోనని ఒక్కో అంకెనూ వేలితో తాకి చూశాడు. సరిగానే ఉన్నాయి. మళ్లీ నొక్కాడు. ఏమీ లేదు. స్టార్‌ను కాస్త అటు, కాస్త ఇటు జరిపాడు. ఒకసారి విసుగొచ్చి ఒక్క అంకె కొట్టి పక్కన స్టార్ పెట్టాడు. ఆ అంకె ఉన్నవీ లేనివీ, ఊళ్లో ఉన్న లిఫ్టులన్నీ తెర మీదికి ఎగబడ్డాయి. అతను ఉలిక్కిపడి కుర్చీ వెనక్కి జరిపాడు. అడిగిందానికి ఒక్క లైనూ ఇవ్వనిది, అడగనిదానికి ఇంత ఎందుకు కుమ్మరిస్తోందో అర్థం కాలేదు. వేరే వీధిలోకి వచ్చి, తెలిసిన ఇంటి తలుపు తడుతున్నట్టుంది.

పైకి వెళ్లి ఇంజనీరమ్మను అడగాలనిపించింది. మెట్లదాకా వెళ్లాడు కూడా. ఆమె గది మేనేజరు గది పక్కనే. బావమరిది లైను రాకపోతే ఎలాగైనా రప్పించమని పైకొచ్చాడు జల్లెడ, అంటారు. లేనిదాన్ని ఉందనడు అన్న మనిషి ముందు ఆ మాట పడటం అతని వల్ల కాదు. వెనక్కి వచ్చి కూర్చున్నాడు.

లిఫ్టు నంబరు విడిగా కొడితే లైన్లొస్తున్నాయి. తాళంచెవి నంబరు విడిగా కొడితే లైన్లొస్తున్నాయి. కలిపి కొడితే ఏమీ లేదు. అంటే ఆ లిఫ్టూ, ఆ తాళంచెవీ ఆ నెలలో ఒక్కసారి కూడా కలుసుకోలేదు. ఎన్నిసార్లు తిప్పి చూసుకున్నా లెక్క అలాగే తేలుతోంది.

భోజనం వేళ బావమరిదికి ఫోన్ చేశాడు. వాడు ఏదో లిఫ్టు గుంతలో ఉన్నాడు, మాటలు గిన్నెలోంచి వచ్చినట్టు వచ్చాయి. బాగా గుర్తు తెచ్చుకోమని జల్లెడ అడిగాడు. వాడు లోపల నీలం రేకులున్న లిఫ్టా, లేక అద్దం పగిలినదా అని తిరిగి అడిగాడు. నీలం రేకులది అయితే మట్టం సరిచేసినట్టు బాగా గుర్తట. కానీ అది ఈ నెలో, పోయిన నెలో.

"నీకు కనిపించలేదా బావా?"

"ఇంకా చూస్తున్నా."

"నువ్వు చూస్తే దొరుకుతుందిలే," అన్నాడు వాడు. వాడి గొంతులో ధీమా విన్నాక జల్లెడకు అన్నం సయించలేదు. డబ్బా మూత మళ్లీ పెట్టేశాడు.

తర్వాత మేనేజరు గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రాలేదు. ముసలాయన కొడుకు పైన కూర్చుని ఉన్నాడట, ఏదో ఒకటి చెప్పాలట.

జల్లెడ లేచి నిలబడ్డాడు. తెర వంక చూపించాడు. అక్కడ చూడటానికి ఏమీ లేదు.

"ఏమీ రాలేదండీ," అన్నాడు.

"అంటే సర్వీసుకు వెళ్లలేదనేగా?"

వెళ్లలేదని అతను అనదలచుకోలేదు. రాలేదని మాత్రమే అనదలచుకున్నాడు. ఆ రెంటికీ తేడా ఉందని లోపల ఏదో గీరుతోంది. అయినా తల ఊపాడు. నేర్పుతున్నప్పుడు ఇంజనీరమ్మ ముందు ఊపినట్టే ఊపాడు.

మేనేజరు అతని భుజం మీద చెయ్యి వేసి, పైకి వెళ్లిపోయాడు. ఆ చెయ్యి వెయ్యకపోయినా బాగుండేది.

టీ వేళ దాటాక బావమరిది కిందికి దిగాడు. లిఫ్టు గుంతలోంచి సరాసరి పిలిపించారు. చేతులకు గ్రీజు, మోకాళ్లకు దుమ్ము, జుట్టులో బూజు. భుజాన పనిముట్ల సంచీ.

"పనిలోంచి తీసేశారు బావా. స్టోరు తాళం వేసుందట. ఇది నీ దగ్గర పెట్టమన్నారు," అంటూ సంచీని బల్ల కిందికి తోశాడు.

"కూర్చోరా."

"కూర్చుంటే లేవలేను బావా."

గోడకు ఆనుకుని నిలబడ్డాడు. చేతుల గ్రీజును చొక్కాకు కాకుండా గుడ్డ కోసం చుట్టూ చూశాడు, దొరక్క ప్యాంటుకే తుడుచుకున్నాడు. మేనేజరు తిట్టలేదట. ముసలాయన కొడుకు కూడా తిట్టలేదట. ఊరికే చూశాడట.

"నేను వెళ్లాననే అనుకున్నా బావా. నిజంగానే అనుకున్నా. నీలం రేకులు, లోపల ఎవరో పిల్లలు గీసిన గీతలు, అన్నీ కళ్లకు కట్టినట్టున్నాయి. కానీ అందులో లేదంటే వెళ్లలేదన్నమాటేగా. ఇంకో లిఫ్టును చూసి దీన్ని అనుకున్నానేమో. ఆ పెద్దాయన్ని నేనే పడేశాను."

"యంత్రం కూడా ఒక్కోసారి..." అని జల్లెడ మొదలుపెట్టాడు. యంత్రం ఒక్కోసారి ఏం చేస్తుందో అతనికి తెలియదు.

"వేరేవాడు చెప్తే నమ్మేవాణ్ణి కాదు. కొట్లాడేవాణ్ణి. వెతికింది నువ్వాయె."

వాడు దాన్ని నిష్ఠూరంగా అనలేదు. అదే జల్లెడకు మింగుడు పడలేదు.

తీగలు లాగే పని చేసే స్నేహితుడొకడు పక్క ఊరు రమ్మంటున్నాడట, అక్కణ్ణుంచి ఇంకెక్కడికో తీసుకెళ్తాడట. ఎక్కడికని అడిగితే, తెలియదు, వెళ్లాక తెలుస్తుందన్నాడు. ఇంటికెళ్లి అక్కకు కనిపించి పొమ్మని జల్లెడ అన్నాడు. ఆ మాటకు వాడు మొదటిసారి నవ్వాడు.

"నువ్వే చెప్పు బావా. నన్ను చూస్తే ఏడుస్తుంది, నిన్ను చూస్తే తిడుతుంది. తిట్టించడమే నయం."

మెట్లెక్కి వెళ్లిపోయాడు. కిటికీలోంచి వాడి బూట్లు కనిపించాయి. ఒకటి రెండు అడుగులు వేసి ఆగాయి. ఎటు వెళ్లాలో ఆలోచిస్తున్నట్టు ముందు ఇటు, తర్వాత అటు తిరిగాయి. తర్వాత కనిపించలేదు.

జల్లెడ కదలకుండా కూర్చున్నాడు. గదిలో వెలుగు తగ్గుతోంది. లేచి దీపం వెయ్యాలనిపించలేదు. ఇంటికి ఏ ముఖంతో వెళ్లాలి, తలుపు తియ్యగానే మొదటి మాట ఏమనాలి అని ఆలోచిస్తున్నాడు. దొరకలేదు అనాలా, లేదు అనాలా. మధ్యాహ్నం గీరినదే మళ్లీ గీరింది.

ఇంజనీరమ్మ ఇంటికి పోతూ తొంగి చూసింది. రేపటికి ఏవో లైన్లు కావాలి, చెప్పి పోదామని వచ్చింది. చీకట్లో కూర్చున్నారేంటి బాబాయ్ అంటూ దగ్గరకొచ్చి, అలవాటుగా తెర వంక చూసింది.

"ఇదేంటి, మధ్యలో స్టార్ ఒక్కటే పెట్టారు?"

"ఏదైనా సరే అని."

"అది ఫైళ్ల పేర్ల దగ్గర బాబాయ్. లైన్ల లోపల వెతికేటప్పుడు స్టార్ అంటే వేరు. తన ముందున్నదాన్నే మళ్లీ మళ్లీ అంటుంది. ఒక్కసారైనా సరే, వందసార్లైనా సరే, అసలు లేకపోయినా సరే. మీరు అడిగిందేంటంటే, లిఫ్టు నంబరులో చివరి అంకె ఎన్నిసార్లైనా ఉండొచ్చు, దాన్ని ఆనుకునే తాళంచెవి నంబరు ఉండాలి. మధ్యలో ఇంకేం ఉండకూడదు. అలాంటి లైను ఎక్కడుంటుంది?"

అతను తెర మీది స్టార్‌ను వేలితో తాకి చూశాడు.

"స్టార్ ముందు డాట్ పెట్టాలి. డాట్ అంటే ఏదో ఒక అక్షరం. డాటూ స్టారూ పక్కపక్కనుంటే అప్పుడు ఏదైనా సరే. ఆ రోజు చెప్పాననుకుంటా. చెప్పలేదా?"

"చెప్పే ఉంటావమ్మా," అన్నాడు జల్లెడ. "నేను తల ఊపే ఉంటాను."

ఆమె వంగి, నిలబడే, ఒక్క చుక్క పెట్టి ఎంటర్ నొక్కింది. ఈసారి అతని చేతులు ఒళ్లోకి వెళ్లలేదు. బల్ల అంచును పట్టుకున్నాయి.

లైన్లు వచ్చాయి. కుళాయిలా కాదు. కొన్నే. తాళంచెవి పెట్టారు. మట్టం సరిచూశారు. మళ్లీ సరిచూశారు. తాళంచెవి తీశారు. పెట్టడానికీ తియ్యడానికీ మధ్య ఒక మధ్యాహ్నమంతా గడిచింది. ఆ నెలే. ముసలాయన పడక ముందే. నీలం రేకుల మధ్య, పిల్లల గీతల మధ్య కూర్చుని వాడు ఒక పూటంతా పని చేశాడు. తర్వాత మళ్లీ ఎందుకు జారిందో అది వేరే సంగతి. వాడు వెళ్లాడు.

"ఉంది చూశారా," అంది ఇంజనీరమ్మ తేలిగ్గా. తర్వాత అతని ముఖం చూసి, ఆ నంబరు ఎవరిదో చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ప్రింటు తీసి, ఆ కాగితంతో మెట్ల మీద పరిగెత్తింది. పైన మేనేజరు గది తలుపు తెరుచుకున్న చప్పుడు వినిపించింది.

జల్లెడ తన ఫోన్ తీసి బావమరిది నంబరు నొక్కాడు. ఉందిరా, వెళ్లావురా, నువ్వే కరెక్టురా, వెనక్కి వచ్చెయ్ అని మనసులో పేర్చుకున్నాడు. అవతల మోగడం మొదలైంది.

బల్ల కింద మోగింది.

వంగి చూశాడు. సంచీలో మోగుతోంది. అది కంపెనీ ఇచ్చిన ఫోను. సొంతది కొనుక్కోరా అని అక్క పోరు పెడితే, ఉన్నదే ఎత్తి మాట్లాడటానికి తీరిక లేదనేవాడు. కంపెనీది కంపెనీకి వదిలేసి పోయాడు. జల్లెడ తన ఫోన్ ఆపాడు. సంచీ కూడా ఆగింది. ఏ బస్సు, ఏ ఊరు, ఆ స్నేహితుడి పేరేంటి, వాడు చెప్పాడా, తను అడిగాడా, ఏదీ గుర్తు రాలేదు.

అంతలో సంచీ మళ్లీ మోగింది. ఈసారి అతను మోగించలేదు. మోకాళ్ల మీద కూర్చుని లోపల చెయ్యి పెట్టి ఫోన్ బయటికి తీశాడు. తెర మీద అక్క అని ఉంది.

అతను దాన్ని చేతిలో పట్టుకుని, ఎత్తాలో వద్దో తెలియక, ఎత్తితే ముందు ఏది చెప్పాలో తెలియక, అలాగే కూర్చున్నాడు. మోగి మోగి ఆగిపోయింది. చీకటి పడిన గదిలో సంచీ మూతి తెరిచే ఉంది. లోపల స్క్రూడ్రైవర్ల మధ్య, గుంతలోంచి పిలిస్తే ఆర్పడం మరిచి వచ్చేసిన వాడి టార్చిలైటు ఇంకా వెలుగుతూనే ఉంది.